కిటికీలకు మడత తెరలు



సంస్కృతమునుండి మనకు కిటికీని తెలుపు పదములు రెండు ముఖ్యముగా సంక్రమించినవి. ఒకటి గవాక్షము, మరియొకటి వాతాయనము. గవాక్షమనగా ఆవుకన్ను. వాతాయనమనగా గాలి నడచు త్రోవ. వెలుతురునకు కన్నుగాను, గాలికి త్రోవగాను ఉండుటయే కిటికీ ధర్మమని ఈ రెండు పేర్లే బోధించుచున్నవి. ఇక తెరకు అమరకోశమునందు ప్రతిసీర, జవనిక, తిరస్కరిణి అను పర్యాయపదములు కలవు. తిరస్కరిణి యనగా మరుగుపరచునది. కన్నునకు రెప్ప యెట్టిదో కిటికీకి తెర యట్టిది. రెప్ప సదా మూసియున్నచో కన్నుండియు ఫలము లేదు; రెప్పయే లేనిచో కన్ను నిలువదు. కావలసినప్పుడు మూసి, అక్కరలేనప్పుడు తెరచుటకు వీలైన తెరయే మంచి తెర.

అట్టి తెరలలో నొకదానిని గూర్చి నేడు తమతో ప్రసంగింపదలచితిని. పట్టణములలోని అంగళ్లయందు దీనిని రోమన్ బ్లైండు అని పిలుచుచున్నారు. నేను దీనిని మడత తెర యని పేర్కొందును. పల్లెటూరి పెద్దలకు పట్టణపు తెరలతో నేమి పని యని తాము శంకింపవచ్చును. పూర్వము మన మండువా యిండ్లకు వసారాలుండెడివి. ఎండ వసారాలోనే నిలిచిపోయి, గదిలోనికి వెలుతురు మాత్రము వచ్చెడిది. నేడు పల్లెలయందును డాబా యిండ్లు వెలసినవి. వసారా కుదించుకొనిపోయినది. చెక్క రెక్కలకు బదులు అద్దములు వచ్చినవి. కిటికీపై సజ్జ మూరెడో మూరెడున్నరో మాత్రమే. పడమటి కిటికీలోనుండి సాయంకాలపుటెండ తిన్నగా వచ్చి, భారతము చదువుకొను వృద్ధుని కన్నులలో పడుచున్నది. కావున ఈ విషయము మనకును అక్కరకు వచ్చినదే.

రోము నగరమునకును, ఎండను గుడ్డతో నాపు విద్యకును పూర్వసంబంధము కలదు. క్రీస్తుశకము 80వ సంవత్సరమున ఆ నగరమునందు కొలోసియమను మహారంగస్థలము ప్రారంభింపబడినది. అందు కూర్చున్న ప్రేక్షకులపై ఎండ పడకుండ పెద్ద గుడ్డలను త్రాళ్లతో లాగి పందిరివలె కప్పెడివారు. ఓడల తెరచాపలను ఎత్తి దించుటయందు నేర్పరులైన నావికులను ఆ పనికి నియమించెడివారు. 79వ సంవత్సరమున అగ్నిపర్వతము బద్దలై పూడిపోయిన పాంపేయి పట్టణపు గోడలపై, ఫలానా వినోదమునకు నీడగుడ్డలు కట్టబడునని వ్రాసిన ప్రకటనలు నేటికిని కానవచ్చుచున్నవి. గుడ్డ, త్రాడు, మడత అను మూడింటి పొందికయే మన మడత తెరయందును కలదు.

దీని స్వరూపమును ముందు మనస్సునకు తెచ్చుకొనుడు. మామూలు పరదా కడ్డీపై ప్రక్కకు జరుగును. మడత తెర పైకి లేచును. కిటికీపై నొక చెక్కపట్టీ బిగించి, దానినుండి గుడ్డను సమతలముగా వ్రేలాడదీయుదురు. గుడ్డ వెనుక అడ్డముగా, సమాన దూరములలో సన్నని బద్దలుండును. బద్దలకు చిన్న ఉంగరములు కుట్టి, వానిగుండ త్రాళ్లు పోనిచ్చెదరు. త్రాళ్లను లాగినపుడు బద్దలు ఒకదానిపై నొకటి చేరి, గుడ్డ దోవతి మడతలవలె వరుసగా పైకి చేరును. పరదావలె కుచ్చెళ్లు లేనందున గుడ్డ తక్కువ పట్టును. ధూళియు తక్కువ చేరును. కాని పరదాలో రెండంగుళముల పొరపాటు కుచ్చెళ్లలో దాగిపోవును. మడత తెరలో దాగదు. కావుననే ఇది కొలిచి కుట్టించుకొనవలసిన వస్తువు.

ఇందు ఎన్నిక, కొలత, కుట్టు, బిగింపు అను నాలుగు పనులు కలవు. వీనితోబాటు పసిపిల్లల ప్రాణములకు సంబంధించిన ఐదవ విషయ మొకటి కలదు. దానిని చివర చెప్పెదను గాని, ముఖ్యతలో నది మొదటిది.

మొదట ఎన్నిక. ఏ కిటికీకి ఈ తెర తగును? తూర్పు పడమర కిటికీలకు మిక్కిలి తగును. ఏలయన ఆ దిక్కుల ఎండ వాలుగా లోనికి చొచ్చును. వంటయింటి పొయ్యి దగ్గర దీనిని కట్టరాదు. నూనెపొగకు గుడ్డ జిడ్డుపట్టును. నిప్పు భయమును కలదు. వానజల్లు కొట్టు కిటికీకి కట్టినచో మడతలలో తడి నిలిచి బూజు పట్టును. మరియొక సత్యమును తెలిసికొనవలెను. గది లోపల కట్టిన తెర కన్నులకు వెలుగు తాకిడిని తగ్గించును గాని, వేడిని పూర్తిగా నాపజాలదు; ఏలయన ఎండ అద్దమును దాటి లోనికి వచ్చిన పిమ్మటనే తెరను తాకును. వేడిని ఆపదలచినచో బయటనే అడ్డగింపవలెను. కిటికీ బయట కట్టు వెదురు తడికయు, నీరు చల్లిన వట్టివేళ్ల తట్టియు ఈ పనిలో మడత తెరకంటె మేలు. ఎండకాలమున బయట తట్టి, లోపల తెర కలిసియున్నచో రెండు ప్రయోజనములును సిద్ధించును.

గుడ్డ విషయము. మరీ పలుచని గుడ్డ నిలువదు. మరీ దళసరి గుడ్డ మడతలలో ఉబ్బి బరువగును. నడితరపు నేత గల నూలుగుడ్డ శ్రేష్ఠము. మంగళగిరి నేతగుడ్డగాని, పెడనలో అచ్చులతో అద్దిన కలంకారీ గుడ్డగాని చక్కగా నప్పును. పొందూరు ఖద్దరు వంటి సన్నని నేతకు వెనుక అస్తరు తప్పదు. అస్తరు తెల్లనిదై అద్దమువైపు నుండవలెను. అది ఎండను కొంత వెనుకకు మరలించును. ముందటి గుడ్డ రంగు వెలిసిపోకుండ కాపాడును. పెద్ద పూవుల అచ్చు గల గుడ్డయైనచో, తెర ఎత్తినపుడు ఆ పూవులు విరిగి కనిపించునని యెరుగవలెను. గీతల గుడ్డయైనచో గీత వంకర పోయిన చిన్న లోపము కూడ దూరమునుండియే తెలియును. అన్నిటికంటె ముఖ్యముగా, నూలుగుడ్డను కత్తిరింపకముందే నీట ముంచి, ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేయవలెను. కుట్టిన పిమ్మట కుంచించుకొనిపోయిన తెరను పొడిగించు ఉపాయము లేదు. అస్తరును గూడ అట్లే ఉతుకవలెను. లేనిచో ఒకటి కుంచించి మరియొకటి నిలిచి, తెర సంచివలె ముడుతలు పడును.

ఇక కొలత. బెత్తెడు, జానెడు, మూరెడు అనునవి మన పూర్వుల కొలతలు. అవి పొలము గట్టున చెప్పుకొను మాటకు చాలును గాని కిటికీకి చాలవు; నా మూర వేరు, తమ మూర వేరు. 1956లో మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము వచ్చినది. అయినను దర్జీలును వడ్రంగులును నేటికిని అంగుళములనే వాడుచున్నారు. ఏ కొలతయైనను దోషము లేదు. రెండింటిని కలుపుటయే దోషము. అంగుళమునకు 2.54 సెంటీమీటర్లు. కాగితముపై మొదటనే ఏ కొలతయో వ్రాసి, చివరవరకు దానినే వాడవలెను. దర్జీ మెడలో వేసికొను టేపు కాలక్రమమున సాగును. కావున ఉక్కు టేపుతోనే కొలువవలెను.

తెరను కట్టు పద్ధతులు రెండు. గోడ మందములో, కిటికీ గూటిలోపల అమర్చుట యొకటి. గూటి బయట, గోడపై అమర్చుట రెండవది. గూటిలోపల అమర్చినచో అందముగా నుండును గాని, తెర ఎత్తినను మడతల మొత్తము కిటికీ పైభాగమును కప్పియే యుండును. చిన్న కిటికీకి అది నష్టము. రెక్కలు లోపలికి తెరచుకొను కిటికీలకు ఈ పద్ధతి పనికిరాదు. రెక్కలు తెరకు తగులును. అట్టి కిటికీలకు తెరను గోడపైననే కట్టి, ఎత్తిన మడతలు రెక్కల పైఅంచునకు తగులనంత ఎత్తున పట్టీని బిగింపవలెను.

గూటిలోపల అమర్చుటకు వెడల్పును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి, అందు మిక్కిలి చిన్నదానిని గ్రహింపవలెను. ఎత్తును గూడ ఎడమన, నడుమ, కుడిన కొలిచి చిన్నదానినే గ్రహింపవలెను. గోడ రాపిడి తగులకుండ వెడల్పులో ఒక సెంటీమీటరు తగ్గింపవలెను. ఇచట నొక హెచ్చరిక. తెరను అంగడిలో కుట్టించునపుడు, తామిచ్చినది గూటి కొలతయో, తెర కొలతయో స్పష్టముగా చెప్పవలెను. గూటి కొలతయన్నచో ఆ ఒక్క సెంటీమీటరును అంగడివారే తగ్గింతురు. తామును తగ్గించి, వారును తగ్గించినచో రెండు ప్రక్కల సందులు పడి ఎండ కత్తివలె లోనికి దిగును. వెడల్పును ముందును, ఎత్తును పిమ్మటను వ్రాయుట వాడుక. అయినను అంకెల ప్రక్కన ఆ మాటలను గూడ వ్రాయుట మేలు.

గూడు మూలమట్టముగా నున్నదో లేదో చూచుటకు మన శాస్త్రములోనే ఉపాయము కలదు. బౌధాయన శుల్బసూత్రములు యజ్ఞవేదికల నిర్మాణమును బోధించు గ్రంథము. శుల్బమనగా త్రాడు. దీర్ఘచతురస్రపు కర్ణము మీది చతురస్రము, రెండు భుజముల మీది చతురస్రముల మొత్తమునకు సమానమని అందు చెప్పబడినది. కిటికీ గూడు 90 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు గలదైనచో, మూలనుండి మూలకు కొలత సరిగా 150 ఉండవలెను. రెండు కర్ణములును సమానముగా నుండవలెను. ఒకటి 150, మరియొకటి 152 అయినచో గూడు ప్రక్కకు వంగినదని తెలిసికొని, గూటిలోపల కట్టు తలంపు మాని గోడపై కట్టవలెను. వేదికను కొలిచిన సూత్రము కిటికీని గూడ కొలుచును.

మా గ్రామమునందొక గృహస్థుడు ఒకే వడ్రంగి, ఒకే దినమున, ఒకే కొలతతో నిలిపిన నాలుగు కిటికీలకు తెరలు కావలెనని, ఒకదానిని మాత్రమే కొలిచి నాలుగు తెరలు కుట్టించెను. ఒకటి సరిపోయినది. ఒకటి బిగిసి కదలలేదు. మిగిలిన రెంటి ప్రక్కల వ్రేలు దూరునంత సందులు మిగిలినవి. ద్వారబంధములు సమానమే కావచ్చును. గోడకు పూసిన గచ్చు మందము సమానము కాదు. ఒక తల్లి బిడ్డలైనను అంగరఖా కొలతలు వేరుగదా! ప్రతి కిటికీకి ఒక సంఖ్య వేసి, దేని కొలత దానికే వ్రాయవలెను.

ఇప్పుడొక లెక్కను చూతము. పైన చెప్పిన 90, 120 కిటికీకి గోడపై తెర కట్టవలెను. రెక్కలు బయటికి తెరచుకొనునవి. వెలుతురు ప్రక్కలనుండి దూరకుండ ఇరువైపుల పదేసి సెంటీమీటర్లు హెచ్చించిన వెడల్పు 110 అగును. పైన 15, క్రింద 5 హెచ్చించిన పొడవు 140 అగును. నాలుగు బద్దలు వేయుదము. మొదట పై పట్టీ దగ్గర ఉంగరముల ఎడమునకై 5 సెంటీమీటర్లు తీసివేసిన 135 మిగులును. నాలుగు బద్దలకు ఆ మిగిలినదానిని తొమ్మిది భాగములు చేయవలెను. భాగమునకు 15 వచ్చును. క్రింది అంచునుండి ఒక భాగము పైన మొదటి బద్ద, తరువాత రెండేసి భాగములకొక బద్ద. అనగా క్రిందనుండి 15, 45, 75, 105 సెంటీమీటర్ల దగ్గర బద్దలు పడును. క్రింది భాగము సగమే యుండుటకు కారణము కలదు. తెర ఎత్తినపుడు మిగిలిన భాగములు రెండుగా మడిగి 15 సెంటీమీటర్లు వ్రేలాడును. మడత పడని క్రింది భాగమును 15 ఉన్నచో అంచులన్నియు సమముగా నిలుచును. ఎత్తిన మడతల మొత్తము పైనుండి సుమారు 20 సెంటీమీటర్లు పట్టును. అందు 15 గోడపైననే యుండును గాన, కిటికీలో 5 సెంటీమీటర్లు మాత్రమే మూయబడును. ముందుగా లెక్క వేసినవానికి గాలియు వెలుతురును నష్టము కావు.

కుట్టునకు ముందటి గుడ్డ వెడల్పు, ప్రక్కల మడతలకై పది చేర్చిన 120 కావలెను. 48 అంగుళముల పన్నా సుమారు 122 సెంటీమీటర్లగును. ఉతికిన పిమ్మట 120కి తగ్గకున్నచో అతుకు లేకయే సరిపోవును. అతుకు తప్పనిచో నడుమ వేయక, నిండు పన్నాను నడుమ నుంచి ఇరుప్రక్కల సమానమైన పట్టీలు చేర్చవలెను. పొడవునకు పైన 5, క్రింద 10 చేర్చి 155 కత్తిరింపవలెను. అస్తరు వెడల్పు 110 కత్తిరించి, ప్రక్కల రెండేసి లోనికి మడచిన 106 అగును. అస్తరు పొడవులో బద్దల గొట్టములకై ఒక్కొక్కదానికి 3 చొప్పున 12 సెంటీమీటర్లు అదనముగా నుంచవలెను. నున్నగా చిత్రికపట్టిన వెదురు బద్దలు ఇందుకు చాలును. క్రింది అంచులో కొంచెము బరువైన పట్టీ దూర్చినచో తెర తిన్నగా దిగును. ప్రక్కలనుండి ఐదేసి సెంటీమీటర్ల దగ్గరను, నడుమను, బద్దకు మూడు చొప్పున మొత్తము పన్నెండు ఉంగరములు పట్టును. నిలువున ఉంగరములు ఒకే గీతపై నుండవలెను. లేనిచో తెర వంకరగా లేచును.

బిగింపునందు కిటికీని నమ్మక రసమట్టమును నమ్మవలెను. పై పట్టీని గోడకు ఇనుప మూలకట్లతో బిగించి, రసమట్టముతో సరిచూడవలెను. ఇటుక గోడలో మరచీల నిలుచుటకు బిరడా దిగగొట్టవలెను. కిటికీ నెత్తిన కాంక్రీటు లింటెలున్నచోట మామూలు బరమా దిగదు. గట్టి యంత్రముగల పనివానిని పిలుచుట మేలు. గుడ్డను పట్టీకి మేకులతో కొట్టక, అంటుకొను వెల్క్రో పట్టీతో తగిలించినచో ఊడదీసి ఉతుకుటకు సులభము. ఉతుకునపుడు బద్దలను తీసివేయవలెను.

ఇక చివర చెప్పెదనన్న మాట. ఈ తెరను ఎత్తు త్రాడు పసిపిల్లలకు ఉరిత్రాడు కాగలదు. ఇది అతిశయోక్తి కాదు. రెండు మూడేండ్ల బిడ్డకు శరీరముతో పోల్చిన తల బరువెక్కువ, మెడకు బలము తక్కువ, శ్వాసనాళము మెత్తనిది. మంచమెక్కి కిటికీ దగ్గర ఆడుకొను బిడ్డ మెడకు త్రాడు చుట్టుకొని కాలు జారినచో, కేకయైనను వేయలేదు. ప్రక్కగదిలోనివారికి తెలియకయే నిమిషములలో ప్రాణము పోవును. పాశ్చాత్య దేశములయందు ఇట్లు బిడ్డలు మరణించిరి. ఐరోపాలో 2014లో ఈ తెరల ప్రమాణములను కట్టుదిట్టము చేసిరి. అమెరికాలో 2018 డిసెంబరునుండి అంగళ్లలో సిద్ధముగా నమ్ము తెరలకును, 2024 జూనునుండి కొలతకు కుట్టించు తెరలకును, పిల్లల చేతికందునట్లు వ్రేలాడు లాగుత్రాళ్లు కూడదను ప్రమాణములు అమలునకు వచ్చినవి. తెరతోబాటు ఆ జాగ్రత్తయు మన యిండ్లకు రావలెను.

కావున పసిబిడ్డలున్న యింట, త్రాడు బయట కానరాక స్ప్రింగుతో లేచు తెరనే కొనవలెను. త్రాడు తెరయే యున్నచో, దానిని చుట్టు కొక్కెమును నేలకు ఒకటిన్నర మీటరుకంటె ఎత్తున గోడకు బిగించి, తెర ఎత్తిన ప్రతిపర్యాయము త్రాడును కొస వ్రేలాడకుండ చుట్టవలెను. తెర దించినపుడు మిగులు త్రాటిని గూడ అట్లే చుట్టవలెను. త్రాటి కొసలను కలిపి ఉచ్చుగా ముడివేయరాదు. వెనుక ఉంగరముల నడుమనున్న త్రాడును బిడ్డ చేయి దూర్చి లాగగలడు. కావున బరువు పడినంతనే విడిపోవు ఉంగరములను వాడవలెను. మన యిండ్లలో గాలికై మంచమును, ఉయ్యాలను కిటికీ క్రిందనే వేయుట అలవాటు. త్రాడున్న కిటికీ క్రింద మాత్రము మంచముగాని, ఉయ్యాలగాని, బల్లగాని ఉంచరాదు. మన గ్రామములలో మధ్యాహ్నవేళ పిల్లలను కనిపెట్టియుండువారు సాధారణముగా తాతలును అమ్మమ్మలును. కుమారులు పట్టణమునుండి తెరలు తెచ్చి బిగించి పోదురు. పిమ్మట ఆ త్రాటిని దినదినము చూచువారము మనమే. కావుననే ఈ మాటను ప్రత్యేకముగా పెద్దలకు విన్నవించుచున్నాను.

గుడ్డ యెంపికలో అభిరుచి భేదము లుండవచ్చును. కొలత తప్పినచో ధనము నష్టమగును, మరల కుట్టించుకొనవచ్చును. త్రాటి విషయమున నేమరినచో మరల సరిదిద్దుకొనుటకు వీలు లేదు. నేడే తమ యిండ్లలోని కిటికీల దగ్గరకు పోయి, వ్రేలాడు త్రాడేదైన నున్నదేమో చూచి, ఉన్నచో ఎత్తి కట్టుడు. తెర కొలత రేపు తీసికొనవచ్చును.

సెలవు.